వాత అనుకున్న మచ్చ

నాకు ముక్కు మీద కోపం. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు గాని, గురజాలలో ఇరవై ఏళ్ళ పైబడి ప్రాక్టీసు చేస్తున్న నా గురించి ఎవరినడిగినా ముందు చెప్పేది అదే. హస్తవాసి మంచిదే కానీ తిడతాడు అంటారు. మొదటి దాని కోసం రెండోది భరిస్తారు. నేను స్పెషలిస్టును కాను, ఉత్త ఎంబీబీఎస్. జలుబు దగ్గర నుంచి గుండెనొప్పి దాకా ముందు నా గుమ్మమే ఎక్కుతారు. షుగరు మాత్రలు తమకు తామే ఆపేసిన వాళ్ళని తిట్టాను. కుక్క కరిస్తే పసరు పోయించుకుని వారం తర్వాత వచ్చిన వాళ్ళని తిట్టాను. అందరికంటే ఎక్కువ తిట్టింది వాతలు పెట్టించుకుని వచ్చిన వాళ్ళని.

వాత అంటే ఇప్పటి పట్నం పిల్లలకి తెలియకపోవచ్చు. కామెర్లు వచ్చాయనో, కడుపునొప్పి తగ్గలేదనో, బిడ్డ పాలు తాగడం లేదనో, ఎర్రగా కాల్చిన కడ్డీతోనో నిప్పంటించిన పసుపుకొమ్ముతోనో ఒంటి మీద చురక పెడతారు. నాలుగు రోజులకి అక్కడ నల్లగా చెక్కు కట్టి, చుట్టూ ఎర్రగా ఉంటుంది. మా వైపు ఇది తగ్గింది గాని పోలేదు. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో ఇరవై రోజుల పసిగుడ్డును తెచ్చారు. పొట్ట మీద అయిదు వాతలు, అయిదూ చీము పట్టి ఉన్నాయి. ఆ బిడ్డ నా బల్ల మీదే పోయింది. అప్పటి నుంచి వాత కనపడితే నాకింకేమీ కనపడదు.

పైగా ఎవరూ ఒప్పుకోరు. పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడిందంటారు, తేలు కుట్టిందంటారు, అసలు ఎప్పుడు వచ్చిందో చూసుకోలేదంటారు. నేను తిడతానని భయం. ఇంకో రెండు కేకలు వేస్తే అప్పుడు తల వంచుకుని, ఫలానా ఊళ్ళో ఫలానా ముసలాయన పెట్టాడని చెప్తారు. వాళ్ళు కాదనడం, నేను అరవడం, వాళ్ళు ఒప్పుకోవడం. ఇన్నేళ్ళుగా నా గదిలో జరిగే వరస ఇది. కాదన్న మాట నిజం అయ్యే అవకాశం ఒకటి ఉంటుందని నాకు ఎన్నడూ తోచలేదు.

ఇక మా చదువు సంగతి. డాక్టరు పట్టా చేతికి రాగానే పుస్తకం మూసేయకూడదని, అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకునేటప్పుడు ఇన్ని గంటల కొత్త పాఠాలు విన్నామని సర్టిఫికెట్లు చూపించాలి. వీటిని సీఎంఈలు అంటాం. గంటల లెక్కన పాయింట్లు ఇస్తారు. మంచి నియమం. దాన్ని మేం ఏం చేసుకున్నామో చెప్తాను.

ఆదివారం పూట నరసరావుపేటలో ఏదో ఒక ఏసీ హాల్లో జరుగుతాయి. మాచర్ల నుంచి, వినుకొండ నుంచి, పిడుగురాళ్ళ నుంచి అందరం కార్లు వేసుకుని వస్తాం. గుమ్మం దగ్గర రిజిస్టరు ఉంటుంది. పొద్దున ఒక సంతకం, భోజనాలయ్యాక ఒక సంతకం పెట్టాలి. రిజిస్టరు ముందు కూర్చునే పెద్దమనిషి మొహమాటస్థుడు, రెండు గళ్ళలోనూ ఒకేసారి పెట్టేస్తుంటే తల పక్కకి తిప్పుకుంటాడు. సంచీ, పెన్నూ, ప్యాడూ తీసుకుంటాం. లోపల పాఠం జరుగుతుంటే బయట వరండాలో పాత క్లాస్‌మేట్లం కలిసి ఎవరి పిల్లలకి ఎక్కడ సీటొచ్చిందో చెప్పుకుంటాం. బిర్యానీ బాగుంటే ఆ సీఎంఈ బాగా జరిగినట్టు.

ఒక ఏడాది సెప్టెంబరులో జరిగిన దానికి కూడా అలాగే వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత గుంటూరు నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరమ్మ వానాకాలం తర్వాత వచ్చే జ్వరాల మీద మాట్లాడతారని కాగితంలో ఉంది. జ్వరాల గురించి నాకు ఒకరు చెప్పేదేముంది, రోజూ చూసేవి అవే కదా అనుకున్నాను. సాయంత్రం ఓపీ ఉందన్న వంక ఎలాగూ ఉంది. ఆవిడ మైకు సరిచేసుకుంటుండగా వెనక తలుపులోంచి బయటికొచ్చి కారెక్కాను. వారానికి ఫోన్లో సర్టిఫికెట్ వచ్చింది. కార్యక్రమానికి పూర్తిగా హాజరయ్యానని అందులో రాసి ఉంది.

కార్తీకమాసం చివర్లో, పత్తి తీతల రోజుల్లో, ఒక అత్తా కోడలూ వచ్చారు. వాళ్ళది గురజాల నుంచి ఆటోలో అరగంట ప్రయాణం. కోడలికి ముప్పై ఏళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. అయిదు రోజుల నుంచి జ్వరం. ఊళ్ళో సూదులు వేసే అతను రెండు రోజులు చూసి చేతులెత్తేశాడు. తల పగిలిపోతోందని, ఒళ్ళంతా పోట్లని చెప్పింది. చేలో పత్తి తీస్తూ కూలబడిందని అత్త చెప్పింది. దారి పొడుగునా కోడలి తలను తన ఒళ్ళో పెట్టుకుని తెచ్చినట్టుంది, ముసలామె చీర కుచ్చెళ్ళన్నీ నలిగి తడిసి ఉన్నాయి. ఇది నాకు తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు చూశాను గాని పట్టించుకోలేదు.

బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూస్తున్నాను. మా నర్సమ్మ పక్కనే ఉంది. ఆమె గురజాల సాయిబుల ఇంటి ఆడపడుచు, భర్తది మోటార్లు బాగుచేసే షాపు. నా దగ్గర పదేళ్ళుగా పని చేస్తోంది. నా కోపాన్ని గడప దాటనివ్వకుండా ఆపగలిగే మనిషి ఎవరైనా ఉంటే ఆమే. నర్సమ్మ కోడలి చీర అంచు కొంచెం పక్కకి జరిపింది. బొడ్డుకి కుడి పక్కన, లంగా బొందు కింద, కందిగింజంత నల్లటి చెక్కు. చుట్టూ ఎర్రగా ఉంది.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఏందమ్మా ఇది. ఎవడి చేత పెట్టించావు వాత?"

ముసలామె వంగి చూసింది. ఆ మచ్చను అప్పుడే చూస్తున్నట్టు చూసింది.

"నేను పెట్టించలా బాబూ. అదక్కడ ఉన్నట్టే నాకు తెలవదు."

కోడలు కళ్ళు మూసుకునే తనకూ తెలియదని, అక్కడ నొప్పి కూడా లేదని చెప్పింది. నొప్పి లేని వాత ఎక్కడైనా ఉంటుందా అని ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే చాలు. వాత పెట్టేవాళ్ళు ఒకటి పెట్టి ఊరుకోరు కదా సార్, మూడో అయిదో పెడతారు అని నర్సమ్మ నా చెవిదగ్గర చిన్నగా అంది. అదైనా వినాల్సింది. కానీ కాదనడం అయింది, ఇక నా వంతు అరవడం. నా గది తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది, బయట బెంచీ మీద పదిహేను మంది దాకా కూర్చున్నారు. అందులో ఆ ఊరి వాళ్ళు కూడా ఉన్నారని నాకప్పుడు తెలియదు. తెలిసినా తగ్గేవాణ్ణి కాదు. పసిపిల్లలు చచ్చిపోతున్నా మీకు బుద్ధి రాదన్నాను. అబద్ధాలు చెప్పడానికి వయసైనా అడ్డు రాలేదా అన్నాను. చివరికి ఆ మాట కూడా అన్నాను.

"ఈ పిల్లకేమన్నా అయితే నీ చేతులారా చంపుకున్నట్టే."

ముసలామె మళ్ళీ కాదనలేదు. నేను దాన్ని ఒప్పుకోవడం కింద తీసుకున్నాను.

రక్తం పరీక్షలో టైఫాయిడ్ అని వచ్చింది. ఆ పరీక్ష మా వైపు సగం మందికి ఊరికే అలా చూపిస్తుందని నాకు తెలుసు. అయినా టైఫాయిడ్ కింద ఇంజక్షన్లు మొదలుపెట్టాను. రోజూ పొద్దున్నే ఆటోలో వచ్చేవాళ్ళు. ముసలామె నా మొహం వంక చూసేది కాదు, మందుల చీటీ చేత్తో పట్టుకుని నర్సమ్మనే అడిగేది. మూడో రోజుకి కోడలి కళ్ళు పచ్చబడ్డాయి. చూశావా, కామెర్లు ముందే మొదలై ఉంటాయి, అందుకే వాత పెట్టించి ఉంటారు అని నా లెక్క నాకు సరిపోయింది. ఆ మధ్యాహ్నానికి ఆయాసం మొదలైంది. 108కి ఫోన్ చేసి గుంటూరు పెద్దాసుపత్రికి పంపించాను. రెండు రోజులకి ఆమె పోయింది.

పోయిన మర్నాడు ఫోన్ వచ్చింది. నేను రాసిచ్చిన చీటీ మీద నంబరు చూసి చేశానని చెప్పారు. ఆ ప్రొఫెసరమ్మే. గొంతులో తప్పు పట్టడం లేదు. పేషెంటు పొట్ట మీద నల్లటి చెక్కు ఉంది, మీరు గమనించారా అని అడిగారు. గమనించానని, వాత అనుకున్నానని చెప్పాను. ఆవిడ ఓపిగ్గా, హౌస్ సర్జన్‌కి చెప్పినట్టు చెప్పారు. అది స్క్రబ్ టైఫస్. పొదల్లో, చేల గట్ల మీద గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుడుతుంది. కుట్టిన చోట నొప్పి ఉండదు, చుట్టతో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది. టైఫాయిడ్‌కి వేసే ఇంజక్షన్లు దానికి పని చెయ్యవు. డాక్సీసైక్లిన్ మొదట్లోనే ఇస్తే రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆ మాత్రలు నా బీరువాలో ఎప్పుడూ ఉంటాయి. మొటిమలకి రాస్తుంటాను.

నరసరావుపేట మీటింగులో ఇదంతా ఫోటోలతో సహా చూపించాను, మీరు రాలేదా అని అడిగారు.

వచ్చానన్నాను. రిజిస్టరులో రెండు గళ్ళలోనూ నా సంతకం ఉంది మరి.

ఫోన్ పెట్టేశాను. ఏదో పుస్తకంలో ఒక మూల ఉండే వింత జబ్బు అయితే సరిపెట్టుకునేవాణ్ణి. ఇది నాకోసం గుంటూరు నుంచి కారెక్కి వచ్చి, మైకు ముందు నిలబడి ఒక మనిషి చెప్పబోయిన జబ్బు. నేను చంపాను అనే మాట నాకు ఆ రోజే తోచింది. ఇప్పటికీ ఇంకో మాట దొరకలేదు.

అప్పటి నుంచి జ్వరంతో వచ్చిన ప్రతి మనిషికీ చంకలు, నడుము, చెవుల వెనక, మోకాళ్ళ మడతలు చూడటం మొదలుపెట్టాను. ఆడవాళ్ళ కోసం ఒక మూల తెర కట్టించాను, నర్సమ్మ చూసి చెప్తుంది. నెల తిరక్కుండా ఇద్దరికి దొరికింది. మాత్రలు ఇస్తే మూడో రోజుకి నడుచుకుంటూ వచ్చి కనపడ్డారు. వాళ్ళు నాకు దండం పెడుతుంటే ఒంటి మీద జెర్రులు పాకినట్టుండేది. అరవడం కూడా తగ్గింది. డాక్టరు గారికి వయసు మీద పడుతోందని జనం అనుకున్నారు.

ఆ ఇంటికి వెళ్ళి నిజం చెప్పాలని మొదటి రోజే అనుకున్నాను. పెద్దకర్మ కానిద్దాం అనుకున్నాను. అయ్యాక, పుండు మానుతున్నప్పుడు గెలకడం ఎందుకనుకున్నాను. అసలు సంగతి భయం. మా పల్నాడులో ఇలాంటి చావు జరిగితే చుట్టాలు ఆస్పత్రి మీదకి వస్తారు. అద్దాలు పగులుతాయి, చొక్కాలు చిరుగుతాయి. ఆ వారమంతా బయట బండి ఆగిన చప్పుడైతే చాలు, నా ప్రాణం పైకి పోయేది. ఎవరూ రాలేదు. రానందుకు ఊపిరి పీల్చుకున్నాను గాని, ఎందుకు రాలేదో ఎవరినీ అడగలేదు.

జనవరి చివర్లో ప్రొఫెసరమ్మ మళ్ళీ ఫోన్ చేశారు. వచ్చే సీఎంఈలో ఒక పావుగంట మీరు మాట్లాడండి అన్నారు. ఆ మచ్చను వాత అనుకోవడం మీ ఒక్కరి పొరపాటు కాదు, ఆ వైపు పనిచేసే డాక్టర్లెవరైనా అదే అనుకుంటారు, పుస్తకాల్లో ఎక్కడా ఉండదు, మీరు చెప్తేనే తెలుస్తుంది అన్నారు. ఆవిడ చెప్పింది నిజం. ఒప్పుకున్నాను.

అదే హాలు. ఈసారి గుమ్మం దగ్గర ఒకే గడిలో సంతకం పెట్టాను. నా వంతు వచ్చినప్పుడు ఏమీ దాచలేదు. మీటింగు ఎగ్గొట్టిన సంగతితో సహా చెప్పాను. తెర మీద ఆ మచ్చ ఫోటో పక్కన ఒక వాత ఫోటో పెట్టి, రెండూ చూడటానికి ఒక్కలాగే ఉంటాయని, నొప్పి ఉందా లేదా అడగమని, ఒంటరి మచ్చ అయితే వాత కాదేమోనని అనుమానించమని చెప్పాను. అత్తగారి మీద కేకలేశానని చెప్పినప్పుడు హాలంతా నవ్వారు. ఎగతాళి కాదు. తామైనా అదే చేసి ఉండేవాళ్ళమని తెలిసినవాళ్ళ నవ్వు. అయిపోయాక చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. వినేవాళ్ళకి ఎన్ని పాయింట్లు ఇస్తారో మాట్లాడిన వాళ్ళకి అంతకంటే ఎక్కువ ఇస్తారు. ఆ పిల్ల చావు మీద నాకు పాయింట్లు వచ్చాయి.

సోమవారం పొద్దున ఓపీ మొదలవకముందు నర్సమ్మ, మీటింగు బాగా జరిగిందంట కదా సార్ అంది. జరిగిందన్నాను. ఆమె చేతిలో ఉన్న ట్రే బల్ల మీద పెట్టి, ఆ ఊరి నుంచి వచ్చే ఆడవాళ్ళ దగ్గర విన్న సంగతులు చెప్పింది. అప్పటిదాకా నా మొహం చూసి చెప్పలేదట. కోడల్ని అత్తే వాత పెట్టి చంపిందని ఊరంతా చెప్పుకుంటున్నారు. సాక్షి నేనే. నా నోటితో అన్న మాటను బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఆ సాయంత్రానికే ఊళ్ళోకి మోసుకుపోయారు. కొడుకు తల్లితో మాట్లాడటం మానేశాడు. ఆమె గొడ్లచావిడి పక్కన రేకుల కింద వేరే వండుకుంటోంది. మనవరాళ్ళని దగ్గరికి పోనివ్వరు. మిరప కోతలకి ముఠాలు కట్టేటప్పుడు ఆమెను ఎవరూ పిలవడం లేదు. ఆరోగ్యశాఖ వాళ్ళు జ్వరాల సర్వేకి వస్తే, మా ఊళ్ళో పురుగూ లేదు ఏమీ లేదు, ముసలిది వాత పెట్టింది, అంతే అని పంపించేశారు. ఇప్పుడు ఒంటి మీద నల్ల మచ్చ కనపడితే వాత పెట్టించుకున్నావంటారని దాచుకుంటున్నారు.

ఇదంతా చెప్పి నర్సమ్మ ట్రే మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"అక్కడ అంతమందికి చెప్పారు సార్. ఇక్కడ ఒక్కరికి చెప్పలా."

ఆ ఊరి ఆశా కార్యకర్తతో మాట్లాడి, వచ్చే ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు జ్వరాల క్యాంపు పెడదామన్నాను. పురుగు గురించి చెప్పాలి, మచ్చలు దాచుకోవద్దని చెప్పాలి. అన్నిటికంటే ముందు, అందరి ఎదుటా తప్పు నాదని చెప్పాలి. కొడితే కొట్టనీ అనుకున్నాను. నాకు అంత ధైర్యం ఎలా వచ్చిందో తెలియదు. ఆలస్యమైన కొద్దీ భయం కంటే సిగ్గు ఎక్కువైందేమో.

క్యాంపుకి గంట ముందే వెళ్ళాం. నర్సమ్మ బల్ల సర్దుతుంటే నేను వాళ్ళిల్లు కనుక్కుని వెళ్ళాను. కొడుకు ఇంట్లో లేడు. ముసలామె రేకుల కింద కూర్చుని పొయ్యిలోకి పత్తికట్టె విరుస్తోంది. నన్ను చూసి లేచి నిలబడి, కూర్చోవడానికి ఏమీ లేక అటూ ఇటూ చూసింది. కూర్చోనమ్మా అని, నిలబడే మొత్తం చెప్పేశాను. అది వాత కాదని, పురుగు కుట్టిందని, నాకు తెలియక నిన్ను అన్నానని, తెలిసి ఉంటే నీ కోడలు బతికేదని, క్యాంపులో అందరికీ ఈ మాటే చెప్పడానికి వచ్చానని చెప్పాను. ఆమె అడ్డురాకుండా విన్నది.

"నేను పెట్టలేదని నాకు తెలుసు గదయ్యా" అంది చివరికి.

తర్వాత నాకు తెలియనిది చెప్పింది. శవం ఇంటికొచ్చిన రోజు కొడుకూ, వాడి తోటివాళ్ళూ రెండు ఆటోల్లో కర్రలు పట్టుకుని నా ఆస్పత్రికి బయల్దేరారట. మూడు రోజులు సూదులు పొడిచి చంపాడు, వాణ్ణి వదిలేది లేదని అరుస్తున్నారట. ఈమె ఆటోకి అడ్డంగా నిలబడి, డాక్టరు అన్నది నిజమే, వాత నేనే పెట్టాను, అడిగితే అబద్ధం చెప్పాను అని నలుగురిలో ఒప్పుకుందట. కొడుకు ఆటో దిగాడు. అంతే, ఆ తర్వాత తల్లితో మాట లేదు.

"వాడు మిమ్మల్నేమన్నా చేస్తే కేసయ్యేది. తల్లి ఎట్టాగూ పోయింది. తండ్రి కూడా జైలుకి పోతే ఆ పిల్లలకి ఎవరున్నారయ్యా."

ఆమె కట్టెపుల్ల ఇంకోటి విరిచి పొయ్యిలో పెట్టింది.

"పురుగు సంగతి చెప్పండి. నా సంగతి చెప్పమాకండి. వాడి కోపం మీకు తెలవదు, ఇప్పటికీ ఆరలా. ఆ పిల్లలు కాస్త ఎదిగిందాకా ఇట్టాగే పోనీండి."

నేను కాదమ్మా అన్నాను. ఆమె వద్దని తల ఊపింది. రెండోసారి నేను అనలేదు. ఇది రాయకుండా దాటేస్తే ఇదంతా రాసి ఉపయోగం లేదు. బతిమాలి ఉండవచ్చు, ఊరి పెద్దల్ని పక్కన పెట్టుకుని కొడుక్కి నెమ్మదిగా చెప్తానని అనవచ్చు. ఆమె వద్దనగానే నా గుండెల మీద బరువు దిగింది. ఆ దిగడం నాకు తెలిసింది.

క్యాంపుకి బాగానే వచ్చారు. చలి ఇంకా పోలేదు, జనం ఎండలో నిలబడ్డారు. పెద్దగా వేయించిన మచ్చ ఫోటో చేత్తో పట్టుకుని చెప్పాను. ఇది పురుగు కుట్టిన గుర్తు, గడ్డి కోతకి పోయినప్పుడు, పత్తిచేలో కూర్చున్నప్పుడు కుడుతుంది, నొప్పి ఉండదు, జ్వరం వచ్చి ఇలాంటిది కనపడితే దాచొద్దు, ఎవరూ ఏమీ అనరు, తేలికపాటి మాత్రలతో పోతుంది అని చెప్పాను. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముసలామె దూరంగా స్కూలు గోడ పక్కన ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె చుట్టూ నలుగురు పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

కొడుకు వెనక వరసలో ఉన్నాడు, చిన్న కూతురు భుజాల మీద కూర్చుని ఉంది. నేను చెప్పడం అయ్యాక ముందుకొచ్చాడు. నా చేతిలోంచి ఫోటో తీసుకుని, ఎండ పడకుండా పక్కకి తిప్పి చాలాసేపు చూశాడు. పాప కూడా వంగి చూసింది.

"సార్, మా ఆవిడకి ఉన్నది ఇదే మచ్చ గదా."

నర్సమ్మ బీపీ మిషను పట్టీ చేతిలో పట్టుకుని ఆగిపోయింది. నేను గోడ వైపు చూశాను. ముసలామె తల వంచుకుని ఉంది, నా వంక చూడలేదు. ఆమె ఒక్కసారి చూసి ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. చూడలేదు కాబట్టి నేను ఆమె మాట నిలబెట్టానని చెప్పుకోవచ్చు. అప్పుడు నా నోటి నుంచి నరసరావుపేటలో చెప్పిన వాక్యమే, ఒక్క అక్షరం తడబడకుండా వచ్చింది.

"వాత కూడా ఇట్టాగే ఉంటదయ్యా. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి."

అందులో అబద్ధం లేదు. ఏ డాక్టరునడిగినా అదే చెప్తాడు. అతను ఇంకోసారి ఫోటో వంక చూసి, జాగ్రత్తగా నా చేతికిచ్చాడు.

"మీరు ఆ రోజే చెప్పారు సార్" అన్నాడు. "మా అమ్మే అప్పుడు ఒప్పుకోలా."

నేను తల ఊపాను. తర్వాతి మనిషిని పిలవమని నర్సమ్మకి చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసింది. ఎవరినీ పిలవలేదు.